ఎనభై ఏళ్ళకు ఉస్తాద్ అయిన శాగిర్దు: మేమార్ సినాన్

తాజ్‌మహల్ ఎవరు కట్టించారని ఏ పిల్లవాణ్ణి అడిగినా షాజహాన్ అని టక్కున చెబుతాడు. చార్మినార్ ఎవరు కట్టించారంటే కులీ కుతుబ్‌షా అంటాడు. మరి కట్టిందెవరు అని అడిగితే మాత్రం తెల్లమొహం వేస్తాడు. తప్పు పిల్లవాడిది కాదు, లోకం తీరే అంత. డబ్బిచ్చిన వాడి పేరు రాతి మీద నిలుస్తుంది, రాయి చెక్కిన వాడి పేరు మట్టిలో కలుస్తుంది.

ఈ తీరుకు లొంగని పేరు ఒకటుంది. తుర్కీ దేశంలో ఇస్తాంబుల్ నగరానికి వెళ్ళి సులైమానియా మసీదు ఎవరిదని అడగండి. సుల్తాన్ సులైమాన్ పేరు ఎంత గౌరవంగా చెబుతారో, మేమార్ సినాన్ పేరూ అంతే గౌరవంగా చెబుతారు. మేమార్ అంటే మరేం కాదు, కట్టడం పని చేసే మేస్త్రీ. మేస్త్రీ పేరు బాద్‌షా పేరు పక్కన నిలబడిందంటే ఆ మనిషిలో ఏదో విశేషం ఉండాలి కదా!

సంక్షేమ సంఘం వారి ఈ సంచికలో ఆయన జీవితం చెప్పుకోవడానికి మరో కారణం కూడా ఉంది. ఆయన కట్టిన పెద్ద మసీదుల చుట్టూ బడి, ఆసుపత్రి, పేదల వంటశాల, ముసాఫిర్‌ఖానా, మంచినీళ్ళు ఉంటాయి. మసీదు అంటే నాలుగు గోడలూ ఒక గుమ్మటమూ మాత్రమే కాదని రాళ్ళతో రుజువు చేసి చూపించిన మనిషి ఆయన.

పల్లె నుంచి పల్టనుకు

సినాన్ 1490 ప్రాంతంలో అనటోలియాలోని కైసరి పట్టణం దగ్గర అగిర్నాస్ అనే పల్లెలో పుట్టాడు. కుటుంబం క్రైస్తవ కుటుంబం. రాతి పనికి పేరుపడ్డ ప్రాంతం అది. కొండరాయిని తొలిచి ఇళ్ళు చేసుకున్న ఊళ్ళు అక్కడ ఇప్పటికీ ఉన్నాయి.

ఆ రోజుల్లో ఉస్మానీ సుల్తానులకు దేవ్‌షిర్మె అనే ఒక పద్ధతి ఉండేది. క్రైస్తవ కుటుంబాల్లోంచి చురుకైన పిల్లలను ఏరి రాజధానికి తీసుకుపోయి, ఇస్లాం నేర్పి, సైన్యంలోనూ దర్బారులోనూ కొలువుకు పెట్టేవారు. యావుజ్ సలీం సుల్తాన్ కాలంలో, 1512 ప్రాంతంలో, సినాన్‌ను కూడా అలాగే తీసుకుపోయారు. ఈ సంగతి దాచిపెట్టి రాస్తే అది చరిత్ర కాదు. బిడ్డను తల్లి ఒడి నుంచి వేరు చేయడం ఏ కాలంలోనైనా కడుపుకోతే. ఆ పద్ధతిలో పెద్ద పదవులకు ఎక్కినవారు ఎందరో ఉన్నారు, వజీర్లయినవారూ ఉన్నారు. అంతమాత్రాన వెనక పల్లెలో కూర్చుని ఎదురుచూసిన తల్లి బాధ తక్కువైపోదు.

సినాన్ ఆ బాధను మనసులో ఉంచుకున్నాడనడానికి ఒక ఆధారముంది. ఆరు దశాబ్దాల తర్వాత, 1573లో, కొత్తగా గెలిచిన సైప్రస్ ద్వీపానికి కైసరి ప్రాంతపు జనాన్ని తరలించమని హుకుం వచ్చింది. అప్పటికి సినాన్ రాజ్యానికంతటికీ పెద్ద మేమార్. తన పల్లెలోని బంధువులను ఊరు కదపవద్దని ఆయన సుల్తాన్‌కు అర్జీ పెట్టుకున్నాడు, ఫర్మానా తెచ్చాడు. ఆ బంధువుల్లో క్రైస్తవులుగానే ఉండిపోయినవారున్నారు. దీన్ వేరైనా రక్తసంబంధం తెంచుకోకూడదన్నది మన దీన్ నేర్పిన మాటే కదా! ఆయన ఆ మాట నిలబెట్టుకున్నాడు.

సైన్యంలో చేరిన కొత్తవాళ్ళకు ఏదో ఒక చేతిపని నేర్పేవారు. సినాన్ వడ్రంగం ఎంచుకున్నాడు. తర్వాత యెనిచెరి పల్టనులో సిపాయి అయ్యాడు. 1521లో బెల్‌గ్రేడ్, 1522లో రోడ్స్ ద్వీపం, 1526లో మొహాచ్, 1529లో వియన్నా, ఆ పైన 1534లో బాగ్దాద్ దండయాత్ర. ఇలా ఇరవై ఏళ్ళకు పైగా ఆయన నడిచిన దేశాలకు లెక్క లేదు. నడిచినంత మేరా కళ్ళు తెరిచే నడిచాడు. ఏ కోట గోడ ఎలా నిలబడింది, ఏ వంతెన ఎందుకు కూలింది, ఏ దేశపు రాయి ఎంత బరువు మోస్తుంది, ఇదే ఆయన చదువు. ఈ చదువుకు మదర్సా లేదు, సనదు లేదు.

బాగ్దాద్ దండయాత్రలో వాన్ అనే పెద్ద సరస్సు దాటవలసి వచ్చింది. పడవలు లేవు. సేనాని లుత్ఫీ పాషా హుకుం మీద సినాన్ మూడు ఓడలు కట్టించి నీటిలో దింపాడు. 1538లో మోల్దావియా మీదికి పోతుంటే ప్రూత్ నది అడ్డం వచ్చింది. ఒడ్డంతా బురద నేల, అంతకుముందు కట్టిన వంతెన నిలవలేదు. సినాన్ పదమూడు రోజుల్లో వంతెన కట్టి సుల్తాన్‌ను, సైన్యాన్ని దాటించాడని ఆయన జీవితకథలో ఉంది.

ఆ సమయంలోనే దర్బారులోని పెద్ద మేమార్ చనిపోయాడు. ఆ చోటుకు ఎవరు తగినవారన్న ప్రశ్న రాగా లుత్ఫీ పాషా సినాన్ పేరు చెప్పాడు. అలా ఆ పదవి ఆయనకు దక్కింది. అప్పటికి ఆయన వయసు యాభైకి దగ్గర. మనలో చాలామంది ఆ వయసుకు ఇక మన వల్ల ఏమవుతుందని చాప చుట్టేస్తారు. సినాన్ అసలు పని మొదలుపెట్టిందే అప్పుడు. ఆ తర్వాత సులైమాన్, రెండో సలీం, మూడో మురాద్ అనే ముగ్గురు సుల్తానుల కొలువులో దాదాపు యాభై ఏళ్ళు అదే పదవిలో ఉన్నాడు.

శాగిర్దు పని: షెహ్‌జాదా మసీదు

తన మూడు పెద్ద మసీదుల్లో మొదటిది శాగిర్దు పని అనీ, రెండోది కారీగరు పని అనీ, మూడోది ఉస్తాద్ పని అనీ సినాన్ తానే తూకం వేసుకున్నాడని చెప్పుకుంటారు.

మొదటిది షెహ్‌జాదా మసీదు. సుల్తాన్ సులైమాన్ ముద్దుల కొడుకు మహమ్మద్ 1543లో ఇరవైరెండేళ్ళ వయసుకే కన్నుమూశాడు. ఆ దుఃఖంలో సుల్తాన్ కొడుకు పేరిట మసీదు కట్టించమన్నాడు. 1548కి పూర్తయింది. నడుమ 19 మీటర్ల గుమ్మటం, దానికి నాలుగు వైపులా నాలుగు సగం గుమ్మటాలు. చూపరులు నోరు తెరిచి చూసే కట్టడమే అది. అయినా కట్టినవాడు దాన్ని శాగిర్దు పని అన్నాడు.

ఇక్కడ గుమ్మటం సంగతి రెండు ముక్కల్లో చెప్పుకోవాలి. చదరపు గది మీద గుండ్రటి కప్పు కూర్చోబెట్టడం అంత తేలిక కాదు. గుమ్మటం బరువు కిందికే కాదు, పక్కలకు కూడా తోస్తుంది. గోడలు ఆ తోపుడు ఆపలేకపోతే విచ్చుకుంటాయి, కప్పు కూలుతుంది. ఇస్తాంబుల్‌లోనే 537లో రోమన్ చక్రవర్తి జస్టినియన్ కట్టించిన అయా సోఫియా ఉంది. దాని మొదటి గుమ్మటం భూకంపాల దెబ్బకు 558లో కూలింది, మళ్ళీ కట్టారు. సినాన్ రోజూ ఆ కట్టడాన్ని చూసేవాడు. దాని గొప్పతనం నుంచీ నేర్చుకున్నాడు, దాని బలహీనత నుంచీ నేర్చుకున్నాడు. 1573లో దాని గోడలు కదిలే స్థితికి వస్తే ఆనుడు గోడలు కట్టించి నిలబెట్టింది కూడా ఆయనే. పరాయివాళ్ళు కట్టిందని వదిలేయలేదు, పాతదని చిన్నచూపు చూడలేదు.

కారీగరు పని: సులైమానియా

రెండోది సులైమానియా. ఇస్తాంబుల్‌లో ఒక గుట్ట మీద 1550లో పునాది వేశారు. మిహ్రాబ్ దగ్గర మొదటి రాయి పెట్టింది షేఖుల్ ఇస్లాం అబుస్సుఊద్ ఎఫెందీ. ఏడేళ్ళకు, 1557లో, తలుపులు తెరిచారు.

నడి గుమ్మటం వెడల్పు 26 మీటర్ల పైచిలుకు, నేల నుంచి ఎత్తు సుమారు 53 మీటర్లు. ముందూ వెనకా రెండు సగం గుమ్మటాలు, కుడి ఎడమల రెండు పెద్ద కమానులు బరువు పంచుకుంటాయి. పక్కలకు తోసే బరువును ఆపే లావుపాటి ఆనుడు గోడలను బయటి వరండాల్లోనూ లోపలి వసారాల్లోనూ కలిపేశాడు. చూసేవాడికి వరండా కనిపిస్తుందే గాని, అది గోడకు కాపు కాస్తున్నదని తెలియదు. మీనార్లు నాలుగు, వాటికి మొత్తం పది బాల్కనీలు. ఇస్తాంబుల్ గెలిచాక సులైమాన్ నాలుగో సుల్తాన్, వంశంలో పదోవాడు అన్నదానికి అవి గుర్తులని చెబుతారు.

పని ఎలా సాగిందో మనకు బాగా తెలుసు, ఎందుకంటే ఆనాటి లెక్కల పుస్తకాలు మిగిలి ఉన్నాయి. ఉమర్ లుత్ఫీ బర్కాన్ అనే తుర్కీ చరిత్రకారుడు 1970లలో వాటిని అచ్చు వేయించాడు. ఏ రోజు ఎంతమంది పనికి వచ్చారు, ఎవరికి ఎంత కూలి ముట్టింది, అన్నీ రాసి ఉన్నాయి. ఎక్కువమంది కూలి డబ్బు తీసుకుని పని చేసినవారే. ఓడల మీద తెడ్లు వేసే బానిసల చేత చేయించిన పని కూడా కొంత ఉంది. ఇంకో విశేషమేమంటే, ఆ పనివాళ్ళలో సుమారు సగం మంది క్రైస్తవులు. అల్లాహ్ ఇంటికి రాయి మోసిన చేతుల్లో సగం చేతులు చర్చిలో ప్రార్థన చేసే చేతులన్నమాట. మన పక్క ఊరి మేస్త్రీ ఎవరు, ఏ మతంవాడు అని ఆరా తీసే మనకు ఈ లెక్కల పుస్తకం ఒక పాఠం.

పని నడుస్తుండగా చాడీలు కూడా పుట్టాయి. మేమార్ పని మీద ధ్యాస పెట్టడం లేదనీ, గుమ్మటం నిలుస్తుందో లేదోననీ సుల్తాన్ చెవిన వేశారు. సుల్తాన్ కోపంగా వచ్చి ఎప్పటికవుతుందని గద్దించాడు. సినాన్ రెండు నెలలు గడువు చెప్పాడు. విన్నవాళ్ళు ఈయనకు మతి పోయిందనుకున్నారు. ఆయన మాట్లాడలేదు, రేయింబవళ్ళు పని చేయించి గడువులో పూర్తి చేశాడు. తలుపు తెరిచే రోజు సుల్తాన్ తాళంచెవి ఆయన చేతికే ఇచ్చి తెరవమన్నాడని చెబుతారు. చాడీకి జవాబు పనిలో చెప్పాలి గాని నోటితో కాదు.

ఆయన గుమ్మటం కింద కూర్చుని హుక్కా తాగుతున్నాడని ఫిర్యాదు వెళ్ళిందనీ, తీరా చూస్తే హుక్కాలో పొగాకు లేదు, నీటి గుడగుడ శబ్దం ఏ మూలకు ఎలా వినిపిస్తుందో పరీక్షిస్తున్నాడనీ మరో కథ ఉంది. కథ బాగుంది. అయితే ఆ దేశానికి పొగాకు వచ్చింది సినాన్ చనిపోయిన తర్వాత. కాబట్టి దాన్ని కథగానే వినాలి. ఇమాం ఖిరాఅత్ వెనక సఫ్‌లో ఉన్నవాడికీ వినిపించాలని ఆయన పడ్డ తాపత్రయం మాత్రం నిజం. అందుకోసం గుమ్మటంలో నోరు తెరిచిన మట్టి కుండలు పొదిగించాడు.

మసీదు చుట్టూ ఏముంది?

ఇక అసలు సంగతికి వద్దాం. సులైమానియా అంటే ఒక్క మసీదు కాదు. దాని చుట్టూ నాలుగు పెద్ద మదర్సాలు, హదీసు విద్యకు ఒక పాఠశాల, చిన్నపిల్లల బడి, వైద్యం నేర్పే మదర్సా, ఆసుపత్రి, పేదల వంటశాల, ముసాఫిర్‌ఖానా, హమామ్, దుకాణాలు. ఆసుపత్రిలో మతి చలించినవారికి కూడా వైద్యం చేసేవారు. వైద్యం కోసమే ప్రత్యేకంగా మదర్సా పెట్టడం ఉస్మానీ రాజ్యంలో అదే మొదలు.

వంటశాలను ఇమారత్ అనేవారు. మదర్సా పిల్లలకూ, పనివాళ్ళకూ, బాటసారులకూ, ఊరి పేదలకూ అక్కడ రొట్టె, షోర్బా పెట్టేవారు. జుమా రాత్రుల్లో, రంజాన్‌లో మాంసం వేసిన అన్నం, కుంకుమపువ్వు వేసిన తీపి అన్నం వడ్డించేవారు. ఆ తీపి అన్నాన్ని వాళ్ళు జెర్దె అంటారు. మన పెళ్ళిళ్ళలో వడ్డించే జర్దా పేరే అది!

ఇదంతా నడవడానికి డబ్బు ఎక్కడిదంటారా? వక్ఫ్. పొలాలు, దుకాణాలు, హమామ్‌ల మీద వచ్చే రాబడి అంతా ఈ పనులకే రాసి ఇచ్చారు. దుకాణం అద్దె వస్తే బడి పంతులుకు జీతం, హమామ్ రాబడి వస్తే పొయ్యి మీద డేగిషా. ఒకదాన్ని ఒకటి పోషించే ఏర్పాటు. ఆ మదర్సాల్లో కొన్నింటిలో 1918 నుంచి సులైమానియా గ్రంథాలయం నడుస్తున్నది. ఇస్లామీ చేతిరాత గ్రంథాలకు అది లోకంలోనే పెద్ద నిధి.

ఊరికి మంచినీళ్ళు తెచ్చిన పనీ సినాన్‌దే. ఇస్తాంబుల్ అవతలి అడవుల్లోని వాగుల నీటిని కాలువల మీదా, కమానుల వంతెనల మీదా నగరానికి చేర్చాడు. 1563లో పెద్ద వరద వచ్చి కట్టిందంతా చాలావరకు దెబ్బతిన్నది. మళ్ళీ మొదలుపెట్టి 1564కి పూర్తి చేశాడు. అందులో మగ్లోవా అనే కమానుల వంతెన 36 మీటర్ల ఎత్తున ఈ రోజుకీ నిలబడి ఉంది. వీధి కుళాయి దగ్గర బిందె పట్టిన ఆడమనిషికి మేమార్ పేరు తెలియకపోవచ్చు. ఆమె దువాలో మాత్రం ఆయనకు వాటా ఉంటుంది.

ఉస్తాద్ పని: సలీమియా

మూడోది ఎదిర్నె నగరంలో రెండో సలీం సుల్తాన్ కట్టించిన సలీమియా. మొదలుపెట్టేటప్పటికి సినాన్‌కు ఎనభై ఏళ్ళు. 1575లో తలుపులు తెరిచారు. కట్టించిన సుల్తాన్ అంతకు మూడు నెలల ముందే, 1574 డిసెంబరులో, కన్నుమూశాడు. ఆయనకు అందులో నమాజు చేసే రాత లేదు.

ఇక్కడ గుమ్మటం 31 మీటర్ల పైన, అంటే అయా సోఫియాకు ఇంచుమించు సమానం. ఉస్మానీ మేస్త్రీలెవరూ అంతకుముందు అందుకోలేని వెడల్పు అది. దాన్ని ఎనిమిది స్తంభాల మీద నిలబెట్టాడు. స్తంభాలను గోడలకు దగ్గరగా జరిపేయడం వల్ల లోపలంతా ఒకే విశాలమైన గది అయింది. ఏ సఫ్‌లో నిలబడినా చూపుకు పెద్దగా అడ్డు లేదు. పాషా అయినా పాలేరు అయినా ఒకే గుమ్మటం కింద, ఒకే వెలుగులో. నమాజులో మనం భుజం భుజం కలిపి నిలబడే సమానత్వాన్ని ఆయన రాతిలో పెట్టాడు. నాలుగు మూలలా సుమారు 70 మీటర్ల సన్నటి మీనార్లు. వాటిలో రెండింటి లోపల మూడేసి మెట్ల వరసలున్నాయి. ఒకే మీనారులో ముగ్గురు ఒకేసారి ఎక్కినా పైన బాల్కనీకి చేరేదాకా ఒకరికొకరు ఎదురుపడరు. 2011లో యునెస్కో సలీమియాను ప్రపంచ వారసత్వ కట్టడాల జాబితాలో చేర్చింది.

దీన్ని ఆయన ఉస్తాద్ పని అన్నాడు. ఆలోచించండి. యాభై దాటాక కట్టింది శాగిర్దు పని, అరవై దాటాక కట్టింది కారీగరు పని, ఎనభై దాటాక గాని ఉస్తాద్ అనే మాట తన మీద వేసుకోలేదు. ఒక్క సర్టిఫికెట్ చేతికి రాగానే నేర్చుకోవడం అయిపోయిందనుకునే ఈ కాలంలో పిల్లలకు చెప్పవలసిన సంగతి ఇంతకంటే ఏముంది?

చివరి రోజులు

వృద్ధాప్యంలో సినాన్ తన జీవితకథను కవి మిత్రుడు సాయీ ముస్తఫా చెలెబీకి చెప్పి రాయించాడు. అందులోని జాబితాల్లో మసీదులు, మదర్సాలు, వంటశాలలు, ఆసుపత్రులు, వంతెనలు, హమామ్‌లు అన్నీ కలిపి నాలుగు వందల పైన కట్టడాలున్నాయి. సంపాదించిన సొమ్ములో చాలా భాగం తాను కూడా వక్ఫ్ చేశాడు. తాను పుట్టిన అగిర్నాస్ పల్లెను మరచిపోకుండా అక్కడ నీటి కుళాయి కట్టించాడు. ఏ పల్లె నుంచి తనను తీసుకుపోయారో ఆ పల్లె దాహం తీర్చాడు.

1588లో ఆయన ఇంతకాలమొచ్చి అల్లాహ్ సన్నిధికి చేరాడు. వయసు తొంభై దాటి ఉంటుంది. సులైమానియా గోడ బయట వీధి మూలలో చిన్న త్రికోణపు జాగాలో ఆయన ఖబర్ ఉంది. సుల్తాన్‌కు పెద్ద గుమ్మటం కట్టిన చేతులు తమ కోసం కట్టుకున్నది ఈ చిన్న మూల. దాని ముందు దారిన పోయేవారు నీళ్ళు తాగడానికి ఒక సబీల్ కూడా పెట్టుకున్నాడు. సమాధి రాతి మీద చెక్కిన కవిత్వం కూడా సాయీదే. అందులో ఆయన కట్టిన ఇన్ని మసీదులుండగా బుయుక్ చెక్మెజె వంతెనను ప్రత్యేకంగా ఎత్తి చెప్పారు. అది 1567లో పూర్తయిన 636 మీటర్ల రాతి వంతెన. మంది దాటే దారి వేయడం కూడా సవాబే.

ఆయన పోయిన మూడేళ్ళకు, 1591లో, మన హైదరాబాదులో చార్మినార్ లేచింది. దాని పై అంతస్తులో కూడా ఒక మసీదుంది. ఆ రెండు కట్టడాలకూ నేరుగా సంబంధం లేదు. అయినా ఉస్మానీ వంశంతో మనకు బొత్తిగా చుట్టరికం లేదనడానికి వీల్లేదు. చివరి ఖలీఫా అబ్దుల్ మజీద్ కూతురు దుర్రె షెహ్వార్ 1931లో నిజాం పెద్దకొడుకు ఆజంజా బేగంగా హైదరాబాదు కోడలైంది. పురానీ హవేలీ దగ్గర ఆమె పేరిట ఆసుపత్రి వెలిసింది. ఆ ఇంటి ఆచారం ఇంత దూరం వచ్చింది.

మన మాట

1660లో నగరం తగలబడినప్పుడు సులైమానియా దెబ్బతిన్నది. 1766 భూకంపంలో మళ్ళీ దెబ్బతిన్నది. ప్రతిసారీ బాగుచేసుకున్నారు, ఈనాటికీ అందులో ఐదు పూటలా నమాజు జరుగుతున్నది. అంతకాలం నిలబెట్టింది సున్నమూ రాయీ మాత్రమే కాదు. ఆ మసీదు ఊరికి అన్నం పెట్టింది, చదువు చెప్పింది, మందిచ్చింది. అవసరమైన ఇంటిని ఊరు పడిపోనివ్వదు.

మన ఊళ్ళల్లో కూడా మసీదులు కడుతున్నాం, సంతోషం. మీనారు ఇంకో పది అడుగులు పెంచుదామా అని చర్చ వస్తుంది, పాలరాయి ఏ రంగుదని చర్చ వస్తుంది. చందా పుస్తకం పట్టుకుని తిరుగుతాం, ఇల్లిల్లూ ఇస్తుంది. అదే వీధిలో ఫీజు కట్టలేక బడి మానేసిన పిల్ల, మందుకు డబ్బు లేని ముసలమ్మ, రాత్రి బస్సు దిగి తల దాచుకునే చోటు లేని బాటసారి ఉంటారు. వాళ్ళకోసం చందా అడిగితే మాత్రం కంఠం తగ్గిపోతుంది. మసీదు వద్దని కాదు. మసీదు పక్కన ఏముందని అడగాలి. చిన్న మసీదైనా ఒక గది బడికి, ఒక గది మందులకు, ఒక కుళాయి వీధికి ఉంటే అది సినాన్ వేసిన నమూనాయే. పది దుకాణాలు కట్టి ఆ అద్దెతో బడి నడిపితే అదే వక్ఫ్. అందుకు సుల్తాన్ అక్కర్లేదు, లెక్క సరిగ్గా రాసే నలుగురు చాలు.

ఇంకొక్క మాట. మన యువకుల్లో మేస్త్రీలున్నారు, వడ్రంగులున్నారు, వెల్డింగ్ పనివాళ్ళున్నారు. చేతిపని అంటే చిన్నతనమని వాళ్ళ మనసులో గుచ్చుకుని ఉంది. గుచ్చింది మనమే. లోకం నాలుగు శతాబ్దాలుగా తలుచుకుంటున్న ఆ మనిషి కూడా వడ్రంగం పనితోనే మొదలుపెట్టాడు.

అల్లాహ్ ఆయన ఖబర్‌ను నూరుతో నింపుగాక. మన చేతులకు పని, మన పనికి బర్కత్, మన మసీదులకు ఊరి దువా ప్రసాదించుగాక. ఆమీన్.